పదిమంది సొమ్ముతో కట్టిన నాటకాల హాలు

మన ఊళ్ళనుంచి చెన్నై వెళ్ళేవాళ్ళు చాలామంది సెంట్రల్ స్టేషన్‌లో దిగుతారు. ఒకరు ఆసుపత్రికి వెళ్తారు. ఒకరు తిరిగి ఇంకో రైలెక్కుతారు. మూటలు చూసుకుంటూ, పిల్లల చెయ్యి పట్టుకుంటూ హడావిడిగా బయటికి వస్తారు. స్టేషన్ బయట పెద్ద రోడ్డు ఉంటుంది. రోడ్డుకు అవతల తెల్లటి పెద్ద మేడ కనిపిస్తుంది. అది రిప్పన్ బిల్డింగు. చెన్నై నగరపాలక సంస్థ ఆఫీసు. 1913లో తెరిచారు. దాని పక్కనే ఎర్ర ఇటుకల మేడ ఒకటి ఉంది. చతురంగా లేచిన గోపురం, దానిమీద కోసుగా ఉన్న కప్పు. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. ఊరివాళ్ళు దాన్ని టౌన్‌హాలు అనేవాళ్ళు.

రోజూ వేలమంది దాని ముందునుంచి నడిచిపోతారు. తల ఎత్తి చూసేవాళ్ళు తక్కువ. కాని ఆ మేడకు పెద్ద కథ ఉంది. ఆ కథలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. విజయనగరం రాజు ఉన్నాడు. బళ్ళారి నాటకాలవాళ్ళు ఉన్నారు. మచిలీపట్నం నుంచి వచ్చిన సినిమా మనిషి ఉన్నాడు. ఆ కథ చదువుదాం.

టౌన్‌హాలు ఎందుకు?

మన ఊళ్ళో పదిమంది కూర్చోవాలంటే ఎక్కడ కూర్చుంటాం? రచ్చబండ దగ్గర. రావిచెట్టు కింద. రామమందిరం అరుగుమీద. భాగవతం ఆడినా అక్కడే, తగువు తీర్చినా అక్కడే. పట్నంలో అంత చోటు దొరకదు. వాన వస్తే సభ ఆగిపోతుంది. రాత్రి నాటకం ఆడాలంటే పందిరి వెయ్యాలి. పందిరికి నిప్పు అంటుకుంటే ప్రాణాలకే ముప్పు.

అప్పట్లో మద్రాసు పెద్ద పట్నం. తెలుగు జిల్లాలు కూడా మద్రాసు రాజధాని కిందే ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మనకు అదే పెద్ద పట్నం. కోర్టు పనికి అక్కడికే పోవాలి. కాలేజీ చదువుకు అక్కడికే పోవాలి. అంత పట్నానికి జనం కూర్చునే హాలు ఒకటి ఉండాలని ఊరి పెద్దలు అనుకున్నారు. 1882లో పచ్చయప్ప హాలులో కలుసుకుని మాట్లాడుకున్నారు. ఒక కమిటీ వేసుకున్నారు. ఒక ట్రస్టు పెట్టారు.

ట్రస్టు అంటే ఏమిటి? పదిమంది కోసం ఆస్తిని నమ్మకంగా చూసే సంఘం. ఆస్తి ట్రస్టు సభ్యుల సొంతం కాదు. వాళ్ళు కాపలాదారులు మాత్రమే. ఆ ట్రస్టుకు మొదటి అధ్యక్షుడు సర్ టి. మాధవరావు. ఆయన తిరువాన్కూరు, ఇండోరు, బరోడా సంస్థానాల్లో దివానుగా పనిచేసినవాడు.

డబ్బు ఎవరిది? స్థలం ఎవరిది?

డబ్బు చందాలతో వచ్చింది. రాజులు, జమీందార్లు, వర్తకులు ఇచ్చారు. స్థలం మాత్రం మద్రాసు మునిసిపాలిటీది. అక్కడ అప్పుడు పీపుల్స్ పార్కు అనే పెద్ద తోట ఉండేది. పీపుల్స్ పార్కు అంటే ప్రజల తోట అని అర్థం. ఆ తోటలో 57 గ్రౌండ్ల చోటు ట్రస్టుకు 99 ఏళ్ళకు కౌలుకిచ్చారు.

గ్రౌండు అనేది మద్రాసు కొలత. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు. మన లెక్కలో సుమారు అయిదున్నర సెంట్లు. 57 గ్రౌండ్లంటే మూడెకరాలకు పైమాట. కౌలు ఎంతో తెలుసా? గ్రౌండుకు ఏడాదికి ఎనిమిది అణాలు. పాత లెక్కలో రూపాయికి 16 అణాలు. ఎనిమిది అణాలంటే అర్ధరూపాయి. 57 అర్ధరూపాయలు ఎంతవుతాయో మీరే పలకమీద వేసి చూడండి. మూడెకరాలకు ఏడాదికి 30 రూపాయలు కూడా కాదు!

ఊరి మేలుకోసం కదా అని తక్కువకు ఇచ్చారు. అది మంచిదే. కాని 99 ఏళ్ళు అంటే చాలా కాలం. కాగితం రాసినవాళ్ళు పోతారు. వాళ్ళ పిల్లలు పోతారు. కాగితం మాత్రం ఉంటుంది. అందులో ఏం రాశారో అదే నడుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కథ చివర మళ్ళీ దీని పని పడుతుంది.

విజయనగరం రాజు

1883 డిసెంబరు 17న ఈ హాలుకు శంకుస్థాపన జరిగింది. రాయి వేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజు. ఆయనకు సంగీతమన్నా నాటకమన్నా ఇష్టం. గురజాడ అప్పారావుగారు ఆయన దగ్గరే పనిచేశారు.

గురజాడగారి 'కన్యాశుల్కం' నాటకం పేరు మీరు వినే ఉంటారు. కన్యాశుల్కం అంటే ఆడపిల్లను ఇచ్చేటప్పుడు పెళ్ళికొడుకు దగ్గర డబ్బు తీసుకోవడం. డబ్బుకోసం పసిపిల్లలను ముసలివాళ్ళకు కట్టబెట్టేవాళ్ళు. ఆ ముసలివాడు చచ్చిపోతే ఆ పిల్లకు బొట్టు చెరిపి, గుండు గీసి ఓ మూల కూర్చోబెట్టేవాళ్ళు. ఆనందగజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో ఇలాంటి పెళ్ళిళ్ళ లెక్క తీయించాడు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయి. వాళ్ళలో మూడేళ్ళ, నాలుగేళ్ళ పసికందులు కూడా ఉన్నారు. ఈ సంగతి గురజాడగారే తన పుస్తకం ముందుమాటలో రాశారు. 1892లో ఆ నాటకాన్ని విజయనగరంలో ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. దాన్ని ఆ మహారాజుకే అంకితమిచ్చారు.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. నాటకమంటే పొద్దుపోవడానికి చూసేది మాత్రమే కాదు. ఇంట్లో గొంతెత్తి చెప్పలేని మాటను పదిమంది ముందు చెప్పించేది నాటకం. అందుకే నాటకానికి ఒక చోటు కావాలి. ఆ చోటు ఒక్కడిది కాకుండా అందరిదీ కావాలి.

ఎవరు గీశారు? ఎవరు కట్టారు?

హాలు ఎలా ఉండాలో బొమ్మ గీసినవాడు రాబర్టు చిషోమ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. మద్రాసులో చాలా పెద్ద కట్టడాలకు ఆయనే బొమ్మలు గీశాడు. విశ్వవిద్యాలయం వారి సెనేటు హాలు కూడా ఆయనదే. అంతకుముందు తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం కట్టించాడు. కేరళలో వానలు జాస్తి. అక్కడ గుళ్ళకూ ఇళ్ళకూ వాలుగా, కోసుగా కప్పులు వేస్తారు. నీళ్ళు నిలవకుండా జారిపోతాయి. ఆ పని చిషోమ్‌కు నచ్చింది. మద్రాసు హాలు గోపురానికి కూడా అలాంటి కప్పే పెట్టాడు.

ఆయన మన దేశపు పనితనాన్నీ, వాళ్ళ దేశపు పనితనాన్నీ కలిపి కట్టేవాడు. ఒకచోట మసీదు కమానులా ఉంటుంది. ఒకచోట కేరళ కప్పులా ఉంటుంది. ఒకచోట ఇంగ్లండులోని స్తంభంలా ఉంటుంది. ఇలాంటి కట్టడాలను 'ఇండో సారసెనిక్' పద్ధతి అంటారు. పేరు పెద్దది. అర్థం చిన్నది. మనదీ వాళ్ళదీ కలిపిన పని అన్నమాట.

కట్టడం కాంట్రాక్టు తీసుకున్నవాడు తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టి. ఈయన తెలుగు కోమట్ల ఇంటివాడు. మద్రాసు హైకోర్టు, కన్నెమరా గ్రంథాలయం లాంటి పెద్ద పెద్ద కట్టడాల్లో ఈయన చెయ్యి ఉంది. లెక్కల మేధావి శ్రీనివాస రామానుజన్ చివరిరోజుల్లో జబ్బుపడి ఉన్నది ఈయన బంగళాలోనే.

1880ల చివరికి హాలు తయారయింది. 1887లో ఇంగ్లండు రాణి విక్టోరియా గద్దెనెక్కి 50 ఏళ్ళు నిండాయి. అందుకని హాలుకు ఆమె పేరు పెట్టారు. డబ్బు ఇక్కడివాళ్ళది. స్థలం ఇక్కడిది. చెమట ఇక్కడివాళ్ళది. పేరు మాత్రం ఎప్పుడూ ఈ దేశం మొహం చూడని రాణిది. అప్పటి పాలన అలాంటిది.

రాయి వేసిన రాజు పేరు తెలుసు. బొమ్మ గీసిన దొర పేరు తెలుసు. కాంట్రాక్టరు పేరూ తెలుసు. ఇటుకలు కాల్చినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. తట్టలు మోసినవాళ్ళ పేర్లూ లేవు. మీలో ఎంతోమంది కట్టుబడి పనికి వెళ్ళినవాళ్ళే. ఎక్కడైనా మేడ చూస్తే ఆ బరువు ఎంతో మీకు తెలుసు.

ఇటుక, సున్నం

అప్పుడు సిమెంటు వాడకం మన దగ్గర లేదు. ఇటుకల మధ్య సున్నం పెట్టి కట్టేవాళ్ళు. ఊరికే సున్నం కాదు, గానుగ సున్నం. నేలమీద గుండ్రంగా కాలువలాగా చేస్తారు. అందులో సున్నం, ఇసుక, నీళ్ళు పోస్తారు. పెద్ద రాతిచక్రాన్ని ఎద్దులతో తిప్పిస్తారు. గంటల తరబడి తిరిగితే అది వెన్నలాగా మెత్తగా అవుతుంది. పట్టు బాగా రావడానికి బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపే అలవాటు కూడా ఉండేది. మన ముసలివాళ్ళను అడిగితే చెబుతారు.

సున్నపు గోడకు ఒక గుణం ఉంది. అది గాలి పీలుస్తుంది. వానకు తడి లోపలికి పోతుంది, ఎండకు మళ్ళీ బయటికి వస్తుంది. గోడ చెడదు. పాత సున్నపు గోడమీద సిమెంటు పూస్తే ఏమవుతుంది? తడి బయటికి రాదు. లోపలే ఉండిపోతుంది. ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల కుళ్ళిపోతుంది. అందుకే పాత కట్టడాలను బాగుచేసేటప్పుడు మళ్ళీ సున్నమే వాడాలని తెలిసినవాళ్ళు చెబుతారు. మన ఊరి పాత గుడికైనా, చావడికైనా ఇదే మాట.

లోపల ఎలా ఉంటుంది?

హాలు రెండంతస్తులు. కింద ఒక పెద్ద హాలు, పైన ఒక పెద్ద హాలు. ఒక్కోదానిలో సుమారు 600 మంది కూర్చోవచ్చు. ఇంకా పైన చెక్కతో చేసిన గ్యాలరీ ఉంది. గ్యాలరీ అంటే మెట్లుమెట్లుగా ఉండే అటకలాంటిది. వెనకవాళ్ళకు ముందువాళ్ళ తల అడ్డం రాదు. అందులో మరో రెండు వందలమంది పడతారు.

హాలుకు ఉత్తరాన, దక్షిణాన పొడుగాటి వరండాలు ఉన్నాయి. సన్నటి స్తంభాలు, వాటిమధ్య కమానులు. వరండా ఎందుకు? అందం కోసమే కాదు. మద్రాసులో ఎండ, ఉక్క, ఉప్పుగాలి. వరండా ఉంటే ఎండ నేరుగా హాలు గోడకు తగలదు. నీడలో చల్లబడిన గాలి కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. మన పెంకుటింటికి చుట్టూ పంచ దించుతాం కదా, ఇదీ అంతే.

మరి మాట ఎలా వినబడేది? అప్పుడు మైకులు లేవు. 600 మందికి వినబడాలంటే నటుడి గొంతు ఖంగుమనాలి. హాలు కూడా సాయం చెయ్యాలి. ఉత్త రాతిగోడల గదిలో అరిస్తే మాటకు మాట తగిలి గోల అవుతుంది. బావిలో అరిచినట్టు ఉంటుంది. చెక్క ఉంటే, తెరలు ఉంటే, జనం నిండుగా కూర్చుంటే ఆ మోత తగ్గుతుంది. మాట స్పష్టంగా వినిపిస్తుంది. పాత నాటకశాలల్లో చెక్క ఎక్కువగా వాడటానికి ఇదీ ఒక కారణం. నటులు పద్యాన్ని పైస్థాయిలో ఎత్తి, రాగం తీసి పాడటానికి కూడా ఇదే కారణం. చివరి వరసలో కూర్చున్నవాడు కూడా కాసు ఇచ్చే వచ్చాడు. వాడికీ వినబడాలి.

బళ్ళారినుంచి వచ్చిన నాటకం

బళ్ళారి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. అక్కడ ధర్మవరం రామకృష్ణమాచార్యులు అనే వకీలు ఉండేవారు. ఆయన తెలుగులో నాటకాలు రాసి, తనే వేషం కట్టేవారు. 'సరస వినోదిని సభ' అనే సమాజం పెట్టారు. ఆయనను 'ఆంధ్ర నాటక పితామహుడు' అంటారు. పితామహుడు అంటే తాత. తెలుగు నాటకానికి తాత అన్నమాట.

1891లో ఆయన సమాజం మద్రాసు వచ్చి విక్టోరియా హాలులో తెలుగు నాటకాలు ఆడింది. చూడటానికి వచ్చినవాళ్ళలో ఒక తమిళ కుర్రవాడు ఉన్నాడు. పేరు పమ్మల్ సంబంధ ముదలియారు. వయసు 18 ఏళ్ళు. అప్పటిదాకా ఆ కుర్రవాడికి నాటకమంటే చిన్నచూపు. చదువుకున్నవాళ్ళు చేసే పని కాదని అనుకునేవాడు. వకీళ్ళు, ఉద్యోగస్తులు వేషాలు కట్టి, శ్రద్ధగా ఆడటం ఆ హాలులో చూశాడు. అతని మనసు మారిపోయింది. అదే ఏడాది స్నేహితులతో కలిసి 'సుగుణ విలాస సభ' అనే నాటక సమాజం పెట్టాడు. తర్వాత తమిళంలో 90కి పైగా నాటకాలు రాశాడు. ఇప్పుడు తమిళులు ఆయనను తమ నాటకానికి పెద్దదిక్కుగా చెప్పుకుంటారు. ఆ సభ చాలా ఏళ్ళు ఈ విక్టోరియా హాలులోనే నాటకాలు ఆడింది.

చూడండి, తెలుగువాళ్ళు ఆడిన నాటకం తమిళుల ఇంట్లో దీపం వెలిగించింది. పదిమంది కలిసే చోటు ఒకటి ఉండబట్టే ఇది జరిగింది.

ఆడవేషం ఎవరు వేశారు?

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. ఈ కథలో ఇప్పటిదాకా అందరూ మగవాళ్ళే. మరి సీత ఎవరు? దమయంతి ఎవరు? సత్యభామ ఎవరు?

మగవాళ్ళే. మీసం గీయించుకుని, చీర కట్టుకుని, జడ పెట్టుకుని మగవాళ్ళే ఆడవేషాలు వేసేవాళ్ళు. సుగుణ విలాస సభలో సంబంధ ముదలియారు నాయకుడైతే, రంగవడివేలు అనే ఆయన నాయిక. మన తెలుగులో స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషానికి పెట్టింది పేరు. 1956లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. గొప్ప కళాకారుడు. అందులో అనుమానం లేదు.

కాని ఆడవాళ్ళు ఎందుకు ఎక్కలేదు? ఆడది స్టేజీ ఎక్కితే పరువు పోతుందన్నారు. ఆడిపాడే కులాలవాళ్ళను అందరూ చూసేవాళ్ళు, ఎవరూ గౌరవించేవాళ్ళు కాదు. మిగిలిన ఇళ్ళల్లో ఆడపిల్లను నాటకం చూడటానికి కూడా పంపేవాళ్ళు కాదు. చూడటానికి వచ్చినా చాలాచోట్ల విడిగా, తెర వెనక కూర్చోవాలి. ఆడవాళ్ళ కష్టం గురించి నాటకం. దాన్ని రాసింది మగవాడు. ఆడింది మగవాడు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది మగవాడు.

అందరూ అలా లేరు. కడప జిల్లాలో సురభి అనే ఊరు ఉంది. 1885లో అక్కడ వనారస గోవిందరావుగారి కుటుంబం 'కీచకవధ' నాటకం ఆడింది. ఆ కుటుంబాలే తర్వాత సురభి నాటక సమాజాలయ్యాయి. వాళ్ళలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. తల్లి, కూతురు, కోడలు అందరూ వేషం కట్టేవాళ్ళు. చంటిబిడ్డను పక్కన పడుకోబెట్టి స్టేజీ ఎక్కేవాళ్ళు.

ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవగారు. ఈయన కూడా వకీలు, గొప్ప నటుడు. ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలని ఆయన గట్టిగా చెప్పాడు. చదువుకున్న స్త్రీలను పిలిచి తనతోపాటు నటింపజేశాడు. తిట్టినవాళ్ళు తిట్టారు. ఆయన మానలేదు.

మనం సాక్షరత కేంద్రానికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఎంతోమంది నవ్వారు. 'ఈ వయసులో చదువేమిటి' అన్నారు. స్టేజీ ఎక్కిన మొదటి ఆడవాళ్ళను కూడా అలాగే అని ఉంటారు.

తెరమీద బొమ్మలు కదిలాయి

1890ల చివర ఈ హాలులో ఇంకో వింత జరిగింది. మద్రాసులో ఫోటోల దుకాణం నడిపే స్టీవెన్సన్ అనే దొర ఒక యంత్రం తెచ్చాడు. హాలులో దీపాలు ఆర్పేశారు. ఎదురుగా తెల్లటి తెర. దానిమీద బొమ్మలు కదిలాయి! చిన్న చిన్న బొమ్మలు. మాటలు లేవు. కథ కూడా పెద్దగా లేదు. మనుషులు నడవడం, బండ్లు కదలడం లాంటివి. అయినా జనం నోళ్ళు తెరిచి చూశారు. మద్రాసులో జనం మొట్టమొదట చూసిన సినిమా ఆటల్లో ఇవి ఉన్నాయి.

తర్వాత 1910 ప్రాంతంలో మచిలీపట్నం నుంచి వచ్చిన రఘుపతి వెంకయ్యగారు ఈ హాలులో ఆటలు వేశారు. ఆయన ఫోటోలు తీసేవాడు. ఉన్నదంతా పెట్టి విదేశాలనుంచి ఒక యంత్రం కొన్నాడు. ఆ యంత్రంలో బొమ్మ తిరుగుతుంటే పక్కన గ్రామఫోను పాడేది. బొమ్మే పాడుతున్నట్టు అనిపించేది. తర్వాత ఆయన మద్రాసు మౌంటురోడ్డులో గెయిటీ అనే సినిమాహాలు కట్టించాడు. ఆయన కొడుకు ప్రకాశ్‌తో కలిసి 1921లో 'భీష్మప్రతిజ్ఞ' అనే మూగ సినిమా తీశారు. అందుకే వెంకయ్యగారిని 'తెలుగు సినిమా పితామహుడు' అంటారు.

హాలు బయట జనం

నాటకాలే కాదు, ఈ హాలులో సభలూ జరిగేవి. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద విదేశాలనుంచి తిరిగి మద్రాసు వచ్చాడు. ఆయనకు ఈ హాలులో సన్మానం ఏర్పాటు చేశారు. హాలు నిండిపోయింది. లోపల పట్టినవాళ్ళకంటే బయట నిలబడ్డవాళ్ళే ఎక్కువ. బయటివాళ్ళు తమకూ చెప్పాలని కేకలు వేశారు. స్వామి బయటికి వచ్చాడు. ఒక బండిమీద నిలబడి వాళ్ళతోనే మాట్లాడాడు.

హాలు ఎంత పెద్దదైనా బయట మిగిలిపోయేవాళ్ళు ఉంటారు. టిక్కెట్టు కొనలేనివాళ్ళు, లోపలికి రానివ్వరని భయపడేవాళ్ళు, ఇంట్లోంచి కదలనివ్వనివాళ్ళు. వాళ్ళ కేక లోపలివాళ్ళకు వినబడాలి. అప్పుడే అది పదిమంది హాలు అవుతుంది.

తాళం పడింది

సినిమాహాళ్ళు ఎక్కువయ్యాయి. నాటకాలు తగ్గాయి. సుగుణ విలాస సభ మౌంటురోడ్డుకు మారింది. హాలులో ఆటలు తగ్గిపోయాయి. అద్దెలు రావడం తగ్గింది. అద్దెలు రాకపోతే బాగుచేసే డబ్బు ఉండదు. కప్పు కారింది. చెక్క చెడింది. గోడ పగుళ్ళలో రావిమొక్కలు మొలిచాయి. రావిమొక్క చిన్నగా ఉన్నప్పుడే పీకెయ్యాలి. వేరు పోయిందంటే గోడను చీల్చేస్తుంది.

1980లలో 99 ఏళ్ళ కౌలు తీరిపోయింది. అప్పుడు తగువు మొదలయింది. స్థలం ఎవరిది? కట్టడం ఎవరిది? ఎంత అద్దె కట్టాలి? ఎవరు ఖాళీ చెయ్యాలి? కోర్టుదాకా వెళ్ళారు. తగువు ఏళ్ళ తరబడి సాగింది. ఆ ఏళ్ళన్నీ హాలు పాడవుతూనే ఉంది. కోర్టులో కాగితాలు భద్రంగానే ఉంటాయి. ఇక్కడ గోడలు మాత్రం వానకు తడుస్తూనే ఉంటాయి.

మొదట చెప్పిన మాట ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. 99 ఏళ్ళ కిందట రాసిన కాగితం. అందుకే మన కౌలు కాగితమైనా, అప్పు కాగితమైనా, పొదుపు సంఘం తీర్మానమైనా చదవకుండా వేలిముద్ర వెయ్యకూడదు. ఎన్నేళ్ళకు రాశారు? గడువు తీరాక ఏమవుతుంది? బాగుచేసే ఖర్చు ఎవరిది? ఈ మూడూ చూడాలి. ఇప్పుడు మనకు చదవడం వచ్చు. అడిగే హక్కు ఎప్పుడూ ఉంది.

మళ్ళీ పని మొదలయింది

చివరికి హాలు నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. 2023లో ముప్పై కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో దాన్ని బాగుచేసే పని మొదలుపెట్టారు. వందేళ్ళు దాటిన కట్టడాన్ని బాగుచెయ్యడం కొత్తది కట్టినంత తేలిక కాదు. ఏ ఇటుక తియ్యాలి, ఏది ఉంచాలి, పాత చెక్క ఎంత బరువు మోస్తుంది, అన్నీ చూసుకోవాలి. ఏటా కొంచెం కొంచెం ఖర్చుపెట్టి చూసుకుంటే ఇంత కాకపోను. ఇంటి కప్పుకు ఒక పెంకు పగిలినప్పుడే మార్చాలి. దూలం కుళ్ళినదాకా ఆగితే ఇల్లే పోతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. మద్రాసు నగరపాలక సంస్థ 1688లో ఏర్పడింది. మన దేశంలో అన్నిటికంటే పాతది. ఈ హాలు కట్టిన రోజుల్లో ఆడవాళ్ళకు ఓటే లేదు. మద్రాసు రాజధానిలో స్త్రీలకు ఓటు 1921లో వచ్చింది, అదీ ఆస్తి ఉన్న కొద్దిమందికే. 1992లో రాజ్యాంగాన్ని సవరించారు. పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకు ఇవ్వాలన్నారు. తర్వాత చాలా రాష్ట్రాలు దాన్ని సగానికి పెంచాయి. 2022 మార్చిలో చెన్నై మేయరుగా ఆర్. ప్రియ ఎన్నికయ్యారు. అప్పుడు ఆమె వయసు 28 ఏళ్ళు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళిత మహిళ ఆమె. హాలు బాగుచేసే పని మొదలైనప్పుడు పక్క మేడలో మేయరు కుర్చీలో ఉన్నది ఆమే. ఆడదాని వేషం కూడా మగవాడే వేసిన హాలు అది. దాని బాగోగులు చూసే సభలో ఇప్పుడు ఆడవాళ్ళు కూర్చుంటున్నారు.

మన ఊరి సంగతి

మనకు అంత పెద్ద హాలు లేకపోవచ్చు. కాని ప్రతి ఊళ్ళో పదిమందిదీ అయిన చోటు ఒకటి ఉంటుంది. పంచాయతీ ఆఫీసు, సామాజిక భవనం, మహిళా మండలి గది, గ్రంథాలయం, పాత చావడి. వాటిలో కొన్నిటికి తాళం ఉంటుంది. ఒకదాంట్లో ఎరువుల బస్తాలు ఉంటాయి. ఒకదాన్ని ఎవరో ఒకరు సొంతానికి వాడుకుంటుంటారు. ఎవరూ అడగరు. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుంది.

అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గ్రామసభ జరిగినప్పుడు వెళ్ళాలి. ఒక్కరుగా కాదు, పదిమందిగా వెళ్ళాలి. 'ఈ గది ఎవరి పేర ఉంది? తాళం ఎవరి దగ్గర ఉంది? పోయిన ఏడాది దీనికి ఎంత ఖర్చు రాశారు?' అని అడగాలి. రిజిస్టరు చూపించమనాలి. చూపించినప్పుడు కూడబలుక్కునైనా చదవాలి. అంకెలు కూడి చూడాలి. ఆ గది తెరిపించి, వారానికి ఒకరోజు అక్కడ కూర్చున్నా చాలు. చదువుకోవచ్చు, పొదుపు లెక్క చూసుకోవచ్చు, ఒక నాటకం కూడా వెయ్యవచ్చు. ఈసారి ఆడవేషం మనమే వేద్దాం. మగవేషం కూడా మనమే వేద్దాం!

చర్చించుకోండి

1. మన ఊళ్ళో పదిమందికీ చెందిన కట్టడాలు ఏవి? వాటి పేర్లు రాయండి.
2. వాటిలో ఆడవాళ్ళు వెళ్ళి కూర్చునేవి ఎన్ని? కూర్చోలేనివి ఎన్ని? ఎందుకు?
3. గ్రౌండుకు ఎనిమిది అణాల చొప్పున 57 గ్రౌండ్లకు ఏడాదికి ఎంత? 99 ఏళ్ళకు ఎంత? లెక్క వెయ్యండి.
4. మన ఊరి కష్టం ఒకటి తీసుకుని పది నిమిషాల నాటకం వెయ్యాలంటే ఏ కష్టం తీసుకుంటారు? అందులో ఎవరు ఏ వేషం వేస్తారు?